కోళ్ళ అంబాసిడరు

“ఇంకెన్ని బండ్లను కాపాడితే నా మనసు కుదుటపడుతుందండీ?”

ఒక శనివారం పొద్దున్న పేర్రాజు తాయారమ్మగారిని అడిగిన ప్రశ్న ఇది. ఆవిడకొక అలవాటుంది. ఎవరు ఎంత పెద్ద ప్రశ్న వేసినా ముందు వాళ్ళ బండి క్షేమం అడుగుతారు. చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతారు కూడా. అడిగినవాళ్ళు జవాబు రాలేదని చిన్నబుచ్చుకుని వెళ్ళి, వారం తర్వాత ఏదో పని మధ్యలో చేతిలో పానా ఆపి, ఒక్క క్షణం అలా నిలబడిపోవడం మేము చూశాం.

“నీ కోళ్ళ బండి ఎలా ఉంది?” అన్నారావిడ.

“బాగానే ఉందండి,” అన్నాడు పేర్రాజు, దాని వైపు చూడకుండానే.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక మూతబడ్డ సినిమా హాలొకటి ఉంది. పేరు మారుతీ టాకీసు. తాయారమ్మగారి మామగారు కట్టించారు. ఆటలు ఆగిపోయాక, ఆ హాలును కల్యాణ మండపం చెయ్యమని ఊరంతా సలహా ఇస్తే, ఆవిడ కుర్చీలు పీకించి, తెర పక్కనున్న తలుపును లారీ పట్టేంత వెడల్పు చేయించి, పాత కార్లు పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో ఉన్నది, పోయిన తన భర్త నడిపిన మోరిస్ మైనర్ ఒక్కటే. తర్వాత ఎవరో వదిలేసిన జీపు, ఎవరి పెరట్లోనో చెట్లు మొలిచిన ఫియట్. ఆవిడ డెబ్బై దాటాక కూడా వాటి కింద పడుకుని నూనె మార్చేవారు. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళం ఒక్కొక్కరమే అక్కడ చేరాం. పని నేర్చుకున్నాం, మా బండ్లు కూడా అక్కడే పెట్టుకున్నాం. మారుతి కారు తప్ప అన్నీ ఉన్న మారుతీ టాకీసు అని నూకరత్నం ఎగతాళి చేస్తుంది. కార్ల సీట్లు కుట్టే నూకరత్నం మిషను పాత టిక్కెట్ల గదిలో ఉంటుంది. టిక్కెట్లిచ్చే ఆ చిన్న కిటికీలోంచే ఆమె మా అందరి సంగతులూ చూస్తుంది, అందులోంచే వ్యాఖ్యానిస్తుంది.

సినిమా హాలు కనుక నేల తెర వైపుకి వాలుగా ఉంటుంది. ఇంకొకరైతే ముందు దాన్ని చదును చేయించేవారు. తాయారమ్మగారు ఆ వాలునే పనికి పెట్టుకున్నారు. అక్కడ ప్రతి బండీ సినిమా చూస్తున్నట్టు తెర వైపు మొహం పెట్టి నిలబడాలి. బ్యాటరీ చచ్చిపోయినా, చక్రం ముందున్న చెక్క తీసి, గేరు తప్పిస్తే బండి దానంతటదే దొర్లుతుంది. రెండో గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది, తలుపులోంచి నేరుగా రోడ్డు మీదికి పోవచ్చు. తొయ్యడానికి మనుషుల్ని బతిమాలక్కర్లేదు. అందుకని లోపలికొచ్చే ప్రతి బండీ హాలు మధ్యలో వెనక్కి తిరిగి, తన చోటుకి వెళ్ళేది.

ఇంకొక నియమం కూడా ఉంది. చక్రానికి చెక్క పెట్టాలి, బండి గేరులో ఉండాలి, చేతిబ్రేకు మాత్రం లాగకూడదు. మాది సముద్రపు గాలి. బ్రేకు బిగించి వదిలేసిన బండికి రెండు మూడు నెలల్లో లోపలి బ్రేకు షూ వెళ్ళి చక్రం వెనకుండే డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతుంది. ఆ తర్వాత లీవరు దించినా అది వదలదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ సంగతి అందరికంటే శ్రద్ధగా చెప్పేవాడు పేర్రాజే.

పేర్రాజు పోర్టులో క్రేన్ల దగ్గర సూపర్వైజరు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి. ఆరేళ్ళ కిందట కరపలో ఒక పెంకుటింటి వెనక అతనికొక అంబాసిడరు కనిపించింది. అందులో కోళ్ళు కాపురం ఉంటున్నాయి. వెనక సీట్లో గడ్డి పరిచి ఉంది, స్టీరింగు మీద పుంజు కూర్చుని ఉంది. ఆ ఇంటావిడ పుంజుని దింపడానికి ఒప్పుకోక, అది దిగేదాకా తనని కూర్చోబెట్టిందని అతనే చెప్పేవాడు. బండిని తెచ్చుకుని రెండేళ్ళు దాని మీదే పడ్డాడు. ఉద్యోగం, బండి, మళ్ళీ ఉద్యోగం. మొదటిసారి అది తనంతట తాను బీచి రోడ్డు దాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజు, దాని బానెట్టు మీద తల పెట్టి ఏడ్చాడు. మేమెవరం నవ్వలేదు. మాకూ అలాంటి రోజులున్నాయి.

ఆ రోజు దొరికిన సుఖం మళ్ళీ కావాలనిపించింది కాబోలు. రెండో బండి తెచ్చాడు, తర్వాత టాపు లేని జీపు, తర్వాత ఒక పాత వ్యాను. ఒక్కోదాన్ని తుక్కు వాళ్ళ చేతుల్లోంచి తప్పించి తీసుకొచ్చిన సాయంత్రం అతని మొహం వెలిగిపోయేది. మరుసటి వారానికి ఇంకెక్కడో ఇంకేదో నాశనమైపోతోందన్న కబురు వచ్చేది. తెచ్చినవి తెచ్చినట్టే నిలబడ్డాయి, అతను మాత్రం వెతుకుతూనే ఉన్నాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఎవరి పెరట్లోనో వానకి తడుస్తున్న కారు కనిపిస్తుందట. భార్య ఇందుమతి, “మీరు ఇంట్లోనే ఉంటున్నారా, ఇంటికొచ్చి పోతున్నారా?” అని అడిగిందట. ఇది కూడా అతనే చెప్పాడు, నవ్వుతూ చెప్పబోయి నవ్వలేక. బండ్లు పెరిగి వ్యాను హాలు మధ్యకి వచ్చింది. ఇక బండి తిప్పుకోవడానికి వీల్లేక మేమందరం రోడ్డు మీది నుంచి వెనక గేరులో, మెడలు తిప్పుకుని, అంత వాలూ ఎక్కుతూ వచ్చేవాళ్ళం.

ఆ శనివారం అతను వచ్చీ రాగానే వ్యానుని గోడకి ఆనించేలా తోయించి, మధ్యన చోటు ఊడ్చి నీళ్ళు చల్లాడు.

“సామర్లకోటలో మూసేసిన మిల్లు వెనక హెరాల్డ్ కారు ఒకటుందండి,” అన్నాడు తాయారమ్మగారితో. “నీలం రంగు. మిల్లు సామానంతా కోసేస్తున్నారు, ఇవాళ సాయంత్రానికి దీని వంతు. ఒకాయన ఫొటో పంపాడు. అది చూసినప్పట్నించీ నాకు నిద్ర లేదండి. దీన్ని తెచ్చేసుకుంటే ఇంక చాలనుకుంటున్నాను. కానీ వ్యాను తెచ్చినప్పుడూ అలాగే అనుకున్నాను.”

ఆ తర్వాతే అతను ఆ ప్రశ్న అడిగింది. ఆవిడ కోళ్ళ బండి గురించి అడిగారు.

“ఆ చోటు కూడా నింపేస్తే మేమెక్కడ నిలబడాలండి పేర్రాజుగారూ, తెర మీదా?” అంది నూకరత్నం కిటికీలోంచి.

తాయారమ్మగారు మెట్ల పక్కన మిగిల్చి ఉంచిన ఒక్క వరస పాత కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మరమరాల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, “తీసుకురా,” అన్నారు. ఆవిడ కాదంటారని అనుకున్న మేమంతా మొహాలు చూసుకున్నాం. “ట్రక్కు ఎందుకు, కోళ్ళ బండి ఉందిగా. దానికి తాడు కట్టి లాక్కొచ్చేయ్. దగ్గరే కదా.”

పేర్రాజు మొహం విప్పారింది. తాడు భుజాన వేసుకుని వాలు దిగాడు. అంబాసిడరు అన్నిటికంటే ముందు వరసలో, తలుపుకి ఎదురుగా ఉంటుంది. అతని మొదటి బండి అని ఆ చోటు మేమే ఇచ్చాం. లోపలికి చెయ్యి పెట్టి గేరు తప్పించి, వంగి చెక్క లాగి, బండి దొర్లితే ఎక్కుదామని తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

బండి కదల్లేదు.

ఆ వాలు మీద చెక్క తీశాక కదలని బండిని మేమెప్పుడూ చూడలేదు. అతను భుజంతో తోశాడు. మేమూ వెళ్ళి తోశాం. వెనక చక్రాలు నేలకి మొలిచినట్టు ఉన్నాయి. అప్పుడతను అద్దంలోంచి లోపలికి చూశాడు. చేతిబ్రేకు లీవరు పైదాకా లాగి ఉంది.

“దీపావళి ముందు తుఫానన్నారు చూడండి,” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. “నీళ్ళొచ్చి చెక్క జారితే ఇది వెళ్ళి గోడకి కొట్టుకుంటుందని భయం వేసింది. మిగతావాటికి చెక్కలే పెట్టాను. దీనికి మాత్రం బ్రేకు కూడా లాగాను. మర్నాడు తీసేద్దామనుకున్నాను.”

మర్నాడు వ్యాను కబురొచ్చింది. దీపావళి వెళ్ళి అప్పటికి మాఘమాసం నడుస్తోంది.

“మొన్న కొత్తగా వచ్చినాయనకి ఈ ముక్క మీదే కదండీ క్లాసు పీకారు,” అంది నూకరత్నం. “పాపం, ఆయన రాసుకున్నాడు కూడాను.”

“ట్రక్కు పిలుస్తానండి,” అన్నాడు పేర్రాజు. చేతికున్న గడియారం చూసుకుంటున్నాడు.

“పిలు,” అన్నారు తాయారమ్మగారు. “హెరాల్డ్ లోపలికి తిన్నగా రావాలంటే దారిలోంచి ముందు ఇది తప్పుకోవాలి మరి. వ్యాను తెచ్చినప్పుడు దీన్ని చుట్టి తొయ్యలేక అందరి నడుములూ విరిగాయి.”

ఇంక వేరే మార్గం లేదు. జాకీ పెట్టి వెనక చక్రం విప్పాడు. డ్రమ్ము బయటపడింది, అంచంతా ఎర్రటి తుప్పు. సుత్తి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క దెబ్బకీ హాలంతా మోగింది. సామర్లకోటలో కటింగు వాళ్ళు వచ్చేసి ఉంటారని ప్రతి దెబ్బకీ అనుకుంటున్నాడని అతని భుజాలు చూస్తేనే తెలుస్తోంది.

“మెల్లగా,” అన్నారు తాయారమ్మగారు కుర్చీలోంచి. “దాని మీద కోపం దేనికి? నువ్వు పట్టుకోమన్నావు, అది పట్టుకుంది.”

అతను సుత్తి కింద పెట్టేశాడు. కిరసనాయిలూ కొబ్బరినూనే కలిపి డ్రమ్ము అంచు చుట్టూ పోశాడు. ఇంక అది లోపలికి దిగేదాకా చెయ్యగలిగింది ఏమీ లేదు. మధ్య మధ్యలో చెక్క సుత్తితో అంచు మీద చిన్నగా తట్టడం, మళ్ళీ నూనె వెయ్యడం, మళ్ళీ కూర్చోవడం. ఎక్కడ కూర్చోవాలో తెలియక బండిలోనే కూర్చున్నాడు. కాళ్ళ కింద పట్టా ఎత్తి చూస్తే తడి. డాష్‌బోర్డు అరలో ఎలుక చింపిన గుడ్డపీలికలు. అద్దం రబ్బరు ఎండి పొడిపొడిగా రాలింది. తుడుస్తూ, ఏరుతూ, ఒక్కొక్కటే బయట పెట్టాడు. వెనక సీటు మూల నుంచి ఒక గోధుమరంగు ఈక బయటపడింది. అన్నిసార్లు శుభ్రం చేసిన సీట్లో ఎలా మిగిలిందో మరి. దాన్ని పారెయ్యలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గడియారం చూసుకోవడం నేను గమనించలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక డ్రమ్ము లోపల్నించి ‘టిక్కు’మని చిన్న చప్పుడు వచ్చింది. చేత్తో తిప్పితే తిరిగింది. రెండోది అంత మొండికెయ్యలేదు. చక్రాలు బిగించి, చెక్క తీసి బండిలో వేసుకుని, లోపల కూర్చుని గేరు తప్పించాడు. ఈసారి బండి నెమ్మదిగా, నిద్రలేచినట్టు దొర్లింది. రెండో గేరు, ఒక దగ్గు, రెండు దగ్గులు, తలుపు దాటేలోపు ఇంజను అందుకుంది.

“కోడి కూసిందండోయ్,” అంది నూకరత్నం.

తాడు కట్టి లాగే బండికి స్టీరింగు పట్టుకునే మనిషి ఒకరు కావాలి కనుక నేనూ ఎక్కాను. కాలవ పక్క రోడ్డున అంబాసిడరు హాయిగా పరిగెత్తింది. సామర్లకోట చేరేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. మిల్లు గేటు బార్లా తెరిచి ఉంది, మనుషులెవరూ లేరు. లోపల కోసిన ఇనుము గుట్టలుగా పోసి ఉంది. వెనక్కి పరిగెత్తాం. గోడ పక్కన బండి ఆకారంలో గడ్డి తెల్లగా పాలిపోయి ఉంది, నాలుగు చోట్ల చక్రాలు దిగబడిన గుంటలు. బండి లేదు.

పేర్రాజు ఆ ఇనుప గుట్టల్లో నీలం రంగు కోసం వెతికాడు. ఎర్రటి ముక్కలు, నల్లటి ముక్కలు, ఒక మర చక్రంలో సగం. నీలం ఎక్కడా లేదు. అది మంచి సంకేతమేనని మా ఇద్దరికీ తట్టలేదు. ముక్కలు కూడా తీసుకుపోయారనుకున్నాం. అతను వచ్చి అంబాసిడరు చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

“నేను పొద్దున్నే వచ్చుంటే బతికేది,” అన్నాడు.

 తనే లేచి, దులుపుకుని, బండి తీశాడు.

తిరుగు దారిలో, కాలవ గట్టున టీ కొట్టు ముందు, నీలం హెరాల్డ్ నిలబడి ఉంది. బానెట్టు ఎత్తి ఉంది. టాపు మీద డోలు ఒకటి దుప్పటి చుట్టి తాళ్ళతో కట్టి ఉంది. పట్టు పంచెలు కట్టుకున్న నలుగురు మనుషులు ఇంజనులోకి తొంగి చూస్తున్నారు. పేర్రాజు బ్రేకు వేసిన తీరుకి నా నుదురు అద్దానికి తగలబోయింది.

వాళ్ళలో పెద్దాయన, చంకలో నాదస్వరం పెట్టుకుని, మా దగ్గరికే వచ్చాడు. “మీదీ పాత బండేనండి కదా. కాస్త చెప్పండి బాబూ, స్టార్టు చేసేటప్పుడు ఈ చోకు లాగాలా, నొక్కాలా? ఒకడు లాగమంటాడు, ఇంకొకడు నొక్కమంటాడు. కచేరీలో కూడా వీళ్ళు ఇంత గొడవ పడరండి.”

“ఈ బండి మీకెక్కడిది?” అన్నాడు పేర్రాజు. 

“మిల్లులోదండి. కోసేస్తారంటే మేనేజరుగారిని అడిగాం, పట్టుకుపొమ్మన్నారు. మా బావమరిది మెకానిక్కులెండి. పది పన్నెండు రోజులుగా అక్కడే కూర్చుని లేపాడు. ఇవాళ మజ్జాన్నమే బయటికి తీశాం, ఇంటికెళ్ళి వాయిద్యాలు వేసుకుని ఇప్పుడే ఈ రోడ్డెక్కాం. కాకినాడలో పెళ్ళి, రాత్రి ముహూర్తం. మొదటి ప్రయాణం కదా, ఇలా మారాం చేస్తోంది.”

ఫొటో పంపినాయనకి ఈ సంగతి తెలియదు. అంటే పేర్రాజుకి నిద్రపట్టని రాత్రుళ్ళన్నీ ఆ హెరాల్డ్ పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. అతని మొహం నేను పక్క నుంచి చూశాను. తన విస్తరి ముందు ఇంకొకరు కూర్చున్నట్టు ఒక్క క్షణం కోపం వచ్చింది. అది దాచుకోవడానికి బానెట్టు కిందకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ప్లగ్గులు తీసి, పంచె చెంగు అడిగి తుడిచి, మళ్ళీ బిగించి, చోకు లోపలికి నొక్కి, “ఇప్పుడు స్టార్టు కొట్టండి,” అన్నాడు. ఇంజను అందుకుంది. డోలాయన ఆనందం పట్టలేక బానెట్టు మీద రెండు దెబ్బలు వేశాడు, తాళం తప్పకుండా.

“దీన్ని ఎక్కడ పెడతారండీ?” అన్నాడు పేర్రాజు.

“పెట్టడం ఎక్కడండీ బాబూ,” అన్నాడు పెద్దాయన. “ముహూర్తాలున్నన్నాళ్ళూ తిరగడమే.”

పేర్రాజు నవ్వాడు. అతను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. “మూఢంలో ఇంట్లో పెట్టేటప్పుడు మాత్రం చేతిబ్రేకు లాగకండి. ఇదిగో, ఇది పెట్టండి,” అని అంబాసిడరులోంచి తన చెక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తాంబూలంలా రెండు చేతులతో అందుకున్నాడు.

హెరాల్డ్ ముందు, మేము వెనక. మళ్ళీ ఆగిపోతే ఉండాలని కాకినాడ దాకా వాళ్ళ వెనకే నడిపాడు. వాడని తాడు నా కాళ్ళ దగ్గర చుట్టగా పడి ఉంది. ఊళ్ళోకి రాగానే వాళ్ళు ఎడమకి తిరిగి, హారను కొట్టి వెళ్ళిపోయారు. పేర్రాజు ఇందుమతికి ఫోన్ చేసి, “ఖాళీగానే వస్తున్నాను, నాక్కూడా బియ్యం పొయ్యి,” అన్నాడు. అట్నుంచి ఆవిడ ఏమందో వినపడలేదు. అతను మాత్రం, “నిజంగానే,” అని రెండుసార్లు అన్నాడు.

మేం టాకీసుకి చేరేసరికి దీపాలు పెట్టారు. నూకరత్నం మిషను మూత వేస్తూ, “తెచ్చారా?” అంది. పేర్రాజు తల అడ్డంగా ఊపి, బండిని వాలు ఎక్కించాడు. పొద్దున్న ఊడ్చి పెట్టుకున్న చోటులో స్టీరింగు చివరిదాకా తిప్పి, ఒక్క ఊపులో బండిని మళ్ళించి, దిగువకి వచ్చి, తెరకి ఎదురుగా తన చోట నిలబెట్టాడు. అతని చెయ్యి అలవాటుగా లీవరు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి వచ్చింది. గేరు వేసి దిగాడు. చక్రం కింద పెట్టడానికి చెక్క లేదు కనుక ఇటుక పెట్టాడు.

తర్వాత తాయారమ్మగారి ముందు నిలబడి జరిగినదంతా చెప్పాడు. ఈకతో సహా చెప్పాడు. డోలాయన బానెట్టు మీద వేసిన దెబ్బలు కుర్చీ మీద వేసి చూపించాడు. ఆవిడ మరమరాల పొట్లం అతని చేతిలో పెట్టారు. పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, నిలబడే అంతా తినేశాడు.

తింటూ తింటూ హాలు మధ్యకి చూసి, “ఆ చోటు ఊడ్చి పెట్టానండి. ఇప్పుడు దాన్నేం చెయ్యమంటారు?” అన్నాడు.

తాయారమ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు.

“ఇందాక బండి ఎక్కడ తిప్పుకున్నావు?” అన్నారు.